తరాలను కలిపే ప్రదర్శనను పట్టణవాసులే చేయించుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (పట్టణవాసి)

మా పట్టణంలో వేర్వేరు వయసులవాళ్లం కొందరం కలిసి ఒక ప్రదర్శన కళాకృతిని చేయించుకోవాలని అనుకుంటున్నాం. పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే వీధిలో ఉంటూనే ఒకరి సంగతి ఒకరికి పట్టకుండా రోజులు వెళ్లదీస్తున్నారన్నది మా అందరికీ కనిపిస్తున్న విషయం. దీని మీద ఉపన్యాసాలు పెట్టించడం గానీ, వ్యాసరచన పోటీలు జరిపించడం గానీ మాకు ఇష్టం లేదు. ఊరివాళ్లే పాల్గొనేవారుగా ఉండి, రెండు మూడు తరాలవాళ్లు చేయి కలిపితే తప్ప పూర్తికాని ప్రదర్శన కావాలని, దాన్ని రూపొందించడానికి ఈ రంగంలో అనుభవం ఉన్న కళాకారులను పిలవాలని మొదటి సమావేశంలోనే అందరం ఒప్పుకున్నాం.

చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. పెద్దవాళ్ల జ్ఞాపకాలను సేకరించి పిల్లల చేత ఆడించాలని కొందరు పట్టుబడుతున్నారు. అలాగైతే పిల్లలు చిలకపలుకులు అప్పజెప్పడం తప్ప ఇంకేమీ జరగదని మరికొందరి వాదన. కళాకారుడు రాకముందే కథ, స్థలం, నిడివి మేమే నిర్ణయించుకోవాలా, లేక అన్నీ ఆయనకే వదిలేయాలా అన్నది కూడా తేలడం లేదు. ఒక సాయంత్రం సందడిగా జరిగి, మర్నాటికి ఎవరి దారి వారిదైపోతే ఇంత శ్రమా వృథా కదా అన్న భయమూ ఉంది. ఇలాంటి పనులు చేసినవారు, చేయించినవారు, దగ్గర నుంచి చూసినవారు ఎవరైనా ఉంటే దారి చెప్పగలరు.


జవాబు (సూత్రధారి)

చేయించుకునేవారుగా మీ పని ఎక్కడిదాకా, కళాకారుడి పని ఎక్కడి నుంచి అన్నది ముందుగా తేల్చుకుంటే, మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి. పౌరుల బృందాలకూ కళాకారులకూ మధ్య కూర్చుని మాట్లాడించడమే నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు తలపెట్టిన పనికి బాగా నలిగిన పద్ధతి ఒకటి ఉంది. కళాకారుడు ఫ్రాన్స్వా హేర్స్ 1990లో ఒక నియమావళి రాశారు. ఫ్రాన్స్‌లో 'నూవో కొమాండితేర్' (కళను చేయించుకునే కొత్తవారు) అనే పేరుతో, ఫోండాసియోన్ ద ఫ్రాన్స్ అనే దాతృత్వ సంస్థ అండతో అది ఆచరణలోకి వచ్చి, తర్వాత ఇతర దేశాలకూ వెళ్లింది. కళను చేయించే అధికారం సంపన్నులకో, ప్రభుత్వ శాఖలకో మాత్రమే ఉండనక్కర్లేదని, తమకు ఫలానా అవసరం ఉందని చెప్పగలిగిన పౌరులు ఎవరైనా ఒక కళాకృతిని చేయించుకోవచ్చని ఆ నియమావళి చెబుతుంది. అందులో ప్రధానంగా మూడు పాత్రలు ఉంటాయి. పౌరులు అవసరం ఏమిటో చెబుతారు. మధ్యవర్తి ఆ అవసరాన్ని విని, దానికి తగిన కళాకారుణ్ణి వెతికి తెచ్చి, నిధులు కూడగట్టడంలో సాయపడతాడు. కళాకారుడు రూపం ఇస్తాడు. చేయించుకునేవారు అంటే డబ్బు పెట్టేవారని కాదు, ఆ కళాకృతి ఎందుకు కావాలో పదిమందిలో నిలబడి చెప్పగలిగినవారని. ఈ ఒక్క విషయం స్పష్టమైతే, చందా ఎక్కువ ఇచ్చినవారి మాట ఎక్కువ చెల్లాలా అన్న తగవు మీ బృందంలో పుట్టదు.

రూపాన్ని కళాకారుడికే వదిలేయండి, అవసరాన్ని మాత్రం అస్సలు వదలకండి. అందరూ కూర్చుని, ఒక పేజీకి మించకుండా, ఊళ్లో మీ కంటికి కనిపిస్తున్నదేమిటో రాయండి. "తరాల మధ్య అంతరం పెరిగింది" అని రాస్తే అది ఏ ఊరికైనా సరిపోతుంది, ఏ కళాకారుడికీ పనికిరాదు. "సాయంత్రం ఐదింటికి బస్టాండు పక్కన బల్లల మీద పదిహేను మంది పెద్దవాళ్లు కూర్చుంటారు, అదే వేళకు ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు వాళ్ల ముందు నుంచే పోతారు, ఎవరూ ఎవరినీ పలకరించరు, వీళ్లెవరి పిల్లలో వాళ్లకు తెలియదు" అని రాస్తే కళాకారుడికి పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ఆ పేజీలో నాటకమనీ నృత్యమనీ ఊరేగింపనీ ఎక్కడా పేరు పెట్టకండి. జ్ఞాపకాలు సేకరించాలా వద్దా అన్న మీ వాదన కూడా రూపానికి సంబంధించినదే కాబట్టి, దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు.

ఒప్పందాన్ని రెండు దశలుగా రాసుకోవడం మీ రక్షణకూ కళాకారుడి గౌరవానికీ మంచిది. మొదటి దశలో ఆయన మీ మధ్య కొన్నాళ్లు తిరిగి, అన్ని వయసులవాళ్లతో మాట్లాడి, ఒక ప్రతిపాదన ఇస్తారు. అది మీకు నచ్చినా నచ్చకపోయినా ఆ దశకు విడిగా పారితోషికం ఇవ్వాలి. దాన్ని ఒప్పుకుంటేనే రెండో దశ మొదలవుతుంది. చాలా బృందాలు ప్రతిపాదనను ఉచితంగా రాయించుకుందామని చూస్తాయి. అప్పుడు కళాకారులు ఊరు చూడకుండానే పాత ప్రతిపాదనలో పేర్లు మార్చి పంపిస్తారు, వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.


జవాబు (నేపథ్యం)

సూత్రధారి గారు ఒప్పందం వైపు నుంచి చెప్పారు. నేను రిహార్సల్ గది వైపు నుంచి చెబుతాను. తరాలు కలిసేది ప్రదర్శన రోజున కాదు, దానికి ముందు నెలల తరబడి సాగే రిహార్సల్స్‌లో. కాబట్టి డబ్బూ సమయమూ ఎక్కువగా అక్కడే ఖర్చు కావాలి. వేదిక, దీపాలు, ఫ్లెక్సీల కోసం ముప్పావు వంతు కేటాయించి రిహార్సల్స్‌కు మిగిలింది సర్దిన ప్రణాళిక కనిపిస్తే, ఆ ప్రదర్శన మీరు భయపడిన సందడి దగ్గరే ఆగిపోతుందని నిశ్చయంగా చెప్పవచ్చు.

వేర్వేరు వర్గాల మనుషులను ఒకచోట చేర్చినంత మాత్రాన దూరం తగ్గదని సామాజిక మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే వివరించారు. ఆ కలయికలో ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, ఉమ్మడి లక్ష్యం ఉండాలి, ఒకరి సహకారం లేకుండా మరొకరు ఆ లక్ష్యాన్ని చేరుకోలేని పరిస్థితి ఉండాలి, పైనుంచి పెద్దల లేదా సంస్థల మద్దతూ ఉండాలి. ఆయన రాసింది ప్రధానంగా జాతి విద్వేషాల గురించే అయినా, పెద్దలు చెప్పడం, పిల్లలు వినడం అనే ఏర్పాటు ఎందుకు బిగుసుకుపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందులో మొదటి షరతే తప్పుతోంది. చెప్పేవాడికి గౌరవం, వినేవాడికి ఓపిక మాత్రమే మిగులుతాయి.

ఈ స్థాయిని తలకిందులు చేసి చూపిన పని ఒకటి ఉంది. మమేలియన్ డైవింగ్ రిఫ్లెక్స్ అనే కెనడా బృందం 2006లో టొరంటోలో, బడి పిల్లలకు క్షౌరశాల నిపుణుల చేత శిక్షణ ఇప్పించి, నిజమైన సెలూన్లలోనే పెద్దవాళ్లకు ఆ పిల్లల చేతే ఉచితంగా జుట్టు కత్తిరింపజేసింది. తొమ్మిదేళ్ల పిల్ల కత్తెర పట్టుకుని వెనక నిలబడి ఉంటే, అద్దంలో తన తలను చూసుకుంటూ కుర్చీలో కదలకుండా కూర్చున్న పెద్దమనిషి పరిస్థితిని ఊహించుకోండి. పిల్లల మీద నమ్మకం ఉంచాలని ఎంతసేపు ఉపన్యసించినా కలగని అనుభవం ఆ పావుగంటలో కలుగుతుంది. నాకైతే ఇందులో హాస్యం కన్నా ఆ పిల్ల ముఖంలోని బాధ్యతే ముఖ్యమనిపిస్తుంది.

పెద్దవాళ్ల వైపు నుంచి చూడాలంటే, అమెరికన్ కళాకారిణి సుజాన్ లేసీ 1987లో మినియాపొలిస్‌లో చేసిన 'ది క్రిస్టల్ క్విల్ట్' (స్ఫటికపు బొంత) గురించి తెలుసుకోవాలి. మాతృదినోత్సవం నాడు, నగరం మధ్యలోని ఒక భవనపు విశాలమైన హాలులో, అరవై దాటిన 430 మంది మహిళలు నల్లని దుస్తుల్లో వచ్చి బల్లల చుట్టూ నలుగురేసి కూర్చుని, వయసు పైబడటం గురించి తమలో తాము మాట్లాడుకున్నారు. ముందే రికార్డు చేసిన మహిళల మాటలు హాలంతటా వినిపించాయి. మధ్యమధ్య ఒక సంకేతం వినిపించగానే అందరూ బల్లమీద చేతులు పెట్టిన తీరు మార్చేవారు. పైఅంతస్తుల్లోని వసారాల నుంచి చూసేవారికి అదంతా నేలమీద పరిచిన పెద్ద బొంతలోని నమూనా మారినట్టు కనిపించేది. చివర్లో ప్రేక్షకులు కిందికి దిగి వాళ్ల మధ్యకు వెళ్లారు. దాని వెనక రెండేళ్లకు పైబడిన సన్నాహం ఉంది. గమనించవలసిందేమిటంటే, పాల్గొన్నవారి నుంచి కోరిన శారీరక శ్రమ కూర్చోవడం, మాట్లాడుకోవడం, చేతులు కదపడం, అంతే. ఎనభై ఏళ్ల మనిషి కూడా ఎవరి సాయమూ లేకుండా నిండుగా చేయగలిగిన పని అది. వాళ్లను చూసి ఎవరికీ జాలి కలగలేదు, కలిగే వీలూ లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ చేసిన పని. ఆమె 1978లో తన బృందంతో చేసిన 'కొంటాక్ట్‌హోఫ్' అనే నృత్యరూపకాన్ని, 2000లో అరవై అయిదు దాటిన మామూలు మనుషులతోనూ, 2008లో పద్నాలుగేళ్లు దాటిన పిల్లలతోనూ మళ్లీ చేయించారు. మనుషుల మధ్య ఆకర్షణ, బెరుకు, తిరస్కారం దాని విషయం. పెద్దల కోసం దాన్ని తేలిక చేయలేదు, పిల్లల కోసం ముద్దుగానూ మార్చలేదు. కాబట్టి మీ దగ్గరికి వచ్చే కళాకారుడు "పెద్దవాళ్లు కదా, కూర్చోబెట్టి పాట పాడిద్దాం" అంటే కొంచెం జాగ్రత్తపడండి.

గదిలోకి వస్తే చిన్న విషయాలే పనిని నిలబెడతాయి, కూలుస్తాయి. చేతులున్న కుర్చీలే తెప్పించండి. చేతులు లేని ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడానికి మోకాళ్ల నొప్పులున్నవారు పక్కవారి భుజం పట్టుకోవలసి వస్తుంది, రెండోసారి ఆ మనిషి రిహార్సల్‌కు రారు, ఎందుకు రాలేదో చెప్పరు కూడా. కంఠస్థం చేయవలసిన సంభాషణలు వద్దు. మరిచిపోతామన్న భయం పెద్దవాళ్లను ఇంట్లోనే ఆపేస్తుంది. వినికిడి తగ్గినవారు ఉంటే సూచనలను చప్పట్లతోనో ఈలతోనో కాకుండా కంటికి కనిపించే గుర్తులతో ఇవ్వాలి. పెద్దవాళ్లకు పగటిపూట అనుకూలం, పిల్లలకు బడి వదిలాక అనుకూలం. ఆ రెండూ కలిసే గంటన్నరను పట్టుకుని దానికి తగ్గట్టు పని కుదించుకోవాలి గానీ, ఒక వర్గాన్ని రాత్రి తొమ్మిదిదాకా కూర్చోబెట్టకూడదు. పరీక్షల నెలల్లో రిహార్సల్ పెట్టారంటే యువత అనే మాట మీ కరపత్రంలో మాత్రమే మిగులుతుంది.


జవాబు (ఎదురుప్రశ్న)

పై రెండు జవాబులూ విలువైనవే. అయినా ఒక అభ్యంతరం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. కళాకృతి కావాలని అడుగుతున్నారా, లేక కళ అనే పేరుతో సంక్షేమ కార్యక్రమం కావాలని అడుగుతున్నారా? జనమే పాల్గొనే కళను, అందులో ఎంతమంది పాల్గొన్నారు, ఎంత మంచి జరిగింది అన్న కొలతలతోనే తూచి, కళగా అది ఎలా ఉందన్న ప్రశ్నను వదిలేస్తున్నారని విమర్శకురాలు క్లేర్ బిషప్ 2006 నుంచీ వాదిస్తున్నారు. నేను ఆమెతో చాలావరకు ఏకీభవిస్తాను. అందరినీ సంతోషపెట్టే ప్రదర్శన తరచుగా ఎవరికీ గుర్తుండదు. మీ ఊళ్లో తరాల మధ్య ఉన్నది కేవలం పలకరింపులు లేకపోవడమేనా? ఆస్తి తగాదాలు, చదువులకూ పెళ్లిళ్లకూ సంబంధించిన పట్టుదలలు, ఊరు విడిచి వెళ్లిపోయిన పిల్లల మీద కోపం, వెళ్లనివ్వని పెద్దల మీద కోపం, ఇవేవీ లేవా? కళాకారుడు వీటిని ముట్టుకుంటే మీ బృందం ఆయన వెనక నిలబడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే ఎవరినైనా పిలవండి.

పాల్గొనడం అన్న మాట దగ్గర కూడా కొంచెం ఆగాలి. అమెరికన్ విధాన విశ్లేషకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అడుగున ఉన్నవి జనాన్ని తమకు కావలసినట్టు తిప్పుకోవడం, వారికేదో చికిత్స చేస్తున్నట్టు నటించడం. మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం. పై మెట్లలోనే నిజంగా అధికారం చేతులు మారుతుంది. మీ బృందంలో ఇరవై ఏళ్లలోపువారు ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు. కళాకారుణ్ణి ఎంచుకునే సమావేశంలో వాళ్లకు ఓటు ఉందా, లేక కుర్చీలు వేయడానికే పిలుస్తున్నారా? నలభై దాటినవాళ్లే కూర్చుని యువతకు ఏం కావాలో నిర్ణయిస్తే, ప్రదర్శనలో మీరు పోగొట్టాలనుకుంటున్న దూరాన్ని సన్నాహంలోనే పెంచినట్టవుతుంది.

ఇంకొక మాట. ఇలాంటి పనులన్నిటిలోనూ తాతలూ మనవలూ కనిపిస్తారు, మధ్యతరం కనిపించదు. పెద్దవాళ్లను బండిమీద తెచ్చి దించేదీ, పిల్లలకు అనుమతి ఇచ్చేదీ, అయ్యేదాకా బయట నిలబడి ఫోను చూసుకునేదీ వాళ్లే. ఇళ్లలో రెండు వైపుల బరువూ మోస్తున్న ఆ ముప్పై అయిదు, యాభై అయిదేళ్ల మధ్యవారికి ప్రదర్శనలో చోటు లేకపోతే, తలుపు తీసి పెట్టే మనుషుల్ని తలుపు బయటే ఉంచినట్టు. వాళ్లకు తీరిక తక్కువ కాబట్టి తక్కువ రిహార్సల్స్‌తో చేయగలిగిన భాగం ఏదైనా ఉందేమో ఆలోచించమని కళాకారుణ్ణి మొదటి రోజే అడగండి.

ఫలించిందా లేదా అన్నది ప్రదర్శన రాత్రి పంచే ప్రశ్నపత్రాలతో తేలదు. ఆ రాత్రి అందరూ బాగుందనే రాస్తారు. ఆరు నెలల తర్వాత, పాల్గొన్నవారిలో ఎవరెవరు ఒకరింటికి ఒకరు వెళుతున్నారో, ఎవరి ఫోను నంబరు ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే పేరు రాసుకోండి.


పట్టణవాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎదురుప్రశ్న గారు అడిగినదానికి నిజాయితీగా చెప్పాలంటే, మా పదిహేను మందిలో ఇరవై లోపువారు ఇద్దరే ఉన్నారు. వచ్చే సమావేశానికి ముందే ఆ లెక్క మారుస్తాం. అవసరాన్ని ఒక పేజీలో రాసే పనిని కూడా మూడు వయసులవాళ్లు విడివిడిగా చేసి, ఆ మూడు పేజీలనూ కలపకుండా అలాగే కళాకారుడికి ఇవ్వాలని మాకు తోచింది. ఇది సరైనదేనా? మరొక సందేహం. పెద్దవాళ్లు చెప్పే విషయాల్లో కుటుంబ సంగతులు, బతికే ఉన్న ఇతరుల సంగతులు వస్తాయి. ప్రదర్శనను వీడియో తీసి అంతర్జాలంలో పెట్టాలని యువత కోరుతోంది, పెద్దవాళ్లు ఇబ్బంది పడుతున్నారు. దీన్ని ఎలా సర్దాలి?


జవాబు (సూత్రధారి)

మూడు పేజీలను విడివిడిగా ఇవ్వడం చాలా మంచి ఆలోచన, మాలో చాలామందికి తట్టనిది. అవి ఎక్కడ పొసగడం లేదో అక్కడే కళాకారుడికి పని దొరుకుతుంది. అయితే ఇవ్వడానికి ముందు మూడు వర్గాలవారూ ఒకరి పేజీని మరొకరు గట్టిగా చదివి వినిపించాలి. సవరణలు మాత్రం చేయకూడదు.

అనుమతి విషయంలో ఒక్క సంతకంతో సరిపెట్టకండి. రిహార్సల్ గదిలో ఒక మాట చెప్పడానికి ఒప్పుకున్న మనిషి, దాన్ని జనం ముందు చెప్పడానికి ఒప్పుకున్నట్టు కాదు. జనం ముందు చెప్పినంత మాత్రాన దాన్ని ఎప్పటికీ ఉండిపోయే వీడియోలో ఉంచడానికి ఒప్పుకున్నట్టూ కాదు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు సమయాల్లో, పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కాగితం చదివి వినిపించి అడగాలి. ప్రదర్శనకు ముందు రోజు వరకూ కారణం చెప్పకుండానే తన మాటను వెనక్కి తీసుకునే హక్కు ప్రతివారికీ ఉండాలి. అలా ఎవరైనా తీసుకుంటే ప్రదర్శన కుంటుపడకుండా కళాకారుడు నిర్మాణంలోనే వెసులుబాటు ఉంచుకోవాలి. మూడో మనిషి గురించిన సంగతి అయితే, ఆ మనిషి బతికే ఉన్నంతకాలం ఆయన అనుమతి కూడా కావాలి. పేరు మారిస్తే చాలునని కొందరంటారు. చిన్న పట్టణంలో పేరు మార్చినా అది ఎవరి కథో అందరికీ తెలుస్తుంది.

వీడియో తగవుకు మధ్యేమార్గం లేకపోలేదు. ముఖాలూ కథలూ లేకుండా, ప్రదర్శన ఎలా చేయాలో చెప్పే సూచనల పత్రాన్ని కళాకారుడి చేత రాయించుకోండి. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఏ గుర్తుకు ఏం చేయాలి, ఎంతసేపు అన్నవి అందులో ఉంటాయి. వీడియోలో మిగిలేది ఆ రోజు పాల్గొన్నవారు చేసినది మాత్రమే. సూచనల పత్రం ఉంటే మాత్రం మూడేళ్ల తర్వాత వేరే మనుషులతో, వేరే సంగతులతో అదే ప్రదర్శనను మళ్లీ చేసుకోవచ్చు. కళాకారుణ్ణి అడగకుండా మళ్లీ చేసుకునే హక్కు మీకు ఉందా, మార్పులు చేయవచ్చా, ఆయన పేరు ఎలా వేయాలి అన్నవి మొదటి ఒప్పందంలోనే ఉండాలి. తర్వాత అడిగితే అప్పటికి సంబంధాలు ఎలా ఉంటాయో చెప్పలేం.

పిల్లలున్న ప్రతి రిహార్సల్‌లోనూ కనీసం ఇద్దరు బాధ్యులైన పెద్దలు ఉండాలి. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా పనిచేయకూడదన్న నియమాన్ని గోడమీద అంటించాలి. ఎంత తెలిసినవారైనా దీనికి మినహాయింపు ఉండకూడదు.

చివరిగా, చాలా బృందాలు మాట్లాడటానికి జంకే సంగతి ఒకటి చెప్పాలి. ఏడాది పాటు సాగే పనిలో, ఎనభై ఏళ్లు దాటినవారు కొందరు ఉన్నప్పుడు, ప్రదర్శన నాటికి వారిలో ఎవరైనా జబ్బుపడవచ్చు, చనిపోవచ్చు. అప్పుడు వారి చోటు ఖాళీగా ఉంచాలా, జతగా పనిచేసిన పిల్లవాడు ఒక్కడే చేయాలా, వారి గొంతు రికార్డు చేసి ఉంటే దాన్ని వాడాలా వద్దా అన్నది ఆ పెద్దవాళ్లనే ముందుగా అడిగి రాసుకోండి. వాళ్లు ఈ మాటకు బాధపడతారని మీరు అనుకుంటారు గానీ, చాలాసార్లు ఆ కాగితాన్ని అందరికన్నా ముందు నింపి ఇచ్చేది వాళ్లే. ఆ పిల్లవాడి తల్లిదండ్రులతో మాత్రం విడిగా, ముందుగానే మాట్లాడి ఉంచండి.